నూట ఎనభై నాలుగో స్థానం

కమాల్ వర్దానీ శవం క్రామ్ స్టేషను దాటాక రైలు పట్టాల పక్కన దొరికింది. రైలు కింద పడ్డాడని స్థానిక పోలీసులు రాసుకున్నారు. రైలు కింద పడ్డవాడి మెడ వెనక అంత శుభ్రమైన చిన్న రంధ్రం ఎలా వచ్చిందో మాత్రం రాసుకోలేదు.

"ప్రభుత్వ మందుల గిడ్డంగిలో స్టోర్ కీపరు," అన్నాడు సీ అజ్మీ, ఫొటోని బల్లమీద తోస్తూ. "చూడు."

లుత్ఫీ కర్రాయ్ చూశాడు. ఏమీ అనిపించలేదు. కొన్నేళ్ళుగా అంతే. శవాన్ని చూసినా పెళ్ళి ఊరేగింపుని చూసినా ఒకేలా ఉంటోంది. అంతా అద్దానికి అవతల జరుగుతున్నట్టు. గూఢచారికి అదొక సుగుణమని పైవాళ్ళు అనుకున్నారు. అతని సర్వీసు రికార్డులో మెచ్చుకోలుగా రాశారు కూడా.

ట్యూనిస్‌లో, బెల్వెడేర్ పార్కు వెనక ఉన్న ఆ భవనానికి బయట 'ఆలివ్ నూనె ఎగుమతిదారుల సంఘం' అని బోర్డు ఉంటుంది. లోపల నూనె చుక్క ఉండదు. మూడో అంతస్తులో కూర్చునే సీ అజ్మీ, అంటే అజ్మీగారు, విదేశీ ముఠాల మీద నిఘా పెట్టే విభాగానికి అధిపతి. భారీ మనిషి. ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ ఉంటాడు. తొక్కల్ని యాష్‌ట్రేలోకి విసురుతాడు. సగం బయటే పడతాయి.

"వీడి జేబులో ఈ కార్డు దొరికింది. డాక్టర్ బేయా సల్లామీ, వైరాలజిస్టు. ఎప్పుడైనా విన్నావా?"

"లేదు సర్."

అది అబద్ధం. లుత్ఫీ మొహంలో ఏ కదలికా లేదు.

"ఇరవై ఏళ్ళుగా ఎయిడ్స్ వైరస్ మీదే ఆవిడ పని. పారిస్‌లో నేర్చుకొచ్చింది. రోగుల రక్తంలోంచి తీసిన వైరస్సుల్ని ఫ్రీజర్లో వందల కొద్దీ దాచిపెట్టుకుంది. మందులకి లొంగనివి. అవి కొనుక్కోడానికి ఒక విదేశీ ముఠా తిరుగుతోంది. మనం పెట్టుకున్న పేరు సార్డీన్. ఈ కమాల్ గాడు మధ్యలో మోసినవాడు. బేరం చెడింది, చంపేశారు." అజ్మీ ఒక గింజ కొరికాడు. "నువ్వు ల్యాబులో ట్రాన్స్‌మిటర్ పెట్టాలి. తర్వాత గమ్మార్త్‌లో మన కాంటాక్ట్‌ని కలవాలి. యోలా కరమ్. బేరూత్ మనిషి. సార్డీన్ ముఠాలో ఉంది, కానీ మనది."

"రిపోర్టు ఎప్పటికి కావాలి?"

"రాసేశాను. నువ్వు సంతకం పెట్టడమే."

"ఇంకా నేనేమీ చూడలేదు కదా సర్."

"టైము కలిసొస్తుందయ్యా," అన్నాడు అజ్మీ. ఫైలు ఇచ్చి, కిటికీ వైపు తిరిగాడు. బ్రీఫింగ్ అయిపోయింది.

శాఖలో లుత్ఫీ ఏజెంట్ ముప్ఫై ఒకటి. డాక్టర్ బేయా ల్యాబులో అతను నూట పద్దెనిమిదో నంబరు రోగి. మూడేళ్ళుగా ప్రతి నెలా మొదటి బుధవారం, నజీబ్ అనే టైల్స్ మేస్త్రీగా ఆమె పనిచేసే ఇన్‌స్టిట్యూట్ వెనక తలుపులోంచి వెళ్ళి రక్తం ఇచ్చి, మాత్రల డబ్బా తీసుకుని వచ్చేవాడు. ఆ వైరస్ ఎక్కడ అంటుకుందో అతనికి తెలియదు. రెండు ఊళ్ళు, ఇద్దరు మనుషులు గుర్తున్నారు. ఎవరని ఆలోచించడం మానేసి చాలా కాలమైంది. శాఖకి తెలిస్తే ఉద్యోగం ఆ పూటే పోతుంది. ఈ పని చేయనని చెబితే కారణం అడుగుతారు. అందుకని చేస్తానన్నాడు.

*

మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రీజరు మొరాయించింది. మొరాయించేలా లుత్ఫీయే చేశాడు. తర్వాత నీలం ఓవరాల్, నల్ల కళ్ళజోడు, అంటించిన మీసంతో, టూల్‌బాక్సు పట్టుకుని మెకానిక్‌లా లోపలికి వెళ్ళాడు. మంగళవారాలు ఆవిడ మెడికల్ కాలేజీలో పాఠం చెబుతుందని అతని సమాచారం. ట్రాన్స్‌మిటరు, ఫ్రీజరు తలుపు మీదుండే మీట లోపల పట్టేంత చిన్నది. మీట విప్పి, దాన్ని లోపల పెడుతున్నాడు.

"సీ నజీబ్, మీసం బాగుంది. ఎడంపక్క కాస్త ఊడింది, చూసుకో."

డాక్టర్ బేయా గుమ్మంలో నిలబడి ట్యూనా సాండ్‌విచ్ తింటోంది. అరవైకి దగ్గర పడిన పొట్టి మనిషి. నెరిసిన జుట్టు మగవాళ్ళలా కత్తిరించుకుంటుంది. ఏళ్ళ తరబడి రబ్బరు తొడుగుల్లో ఉండి ఆమె వేళ్ళు పగిలి ఉంటాయి.

లుత్ఫీ మీసం తీసి జేబులో పెట్టుకున్నాడు.

"టైల్స్ వదిలేసి ఫ్రీజర్లలోకి ఎప్పుడు దిగావు?"

"డాక్టరుగారూ, నేను…"

"చెప్పకు. చెబితే నేను ఎవరికైనా చెప్పాల్సొస్తుంది." ఆమె మూతి తుడుచుకుంది. "పోలీసోళ్ళు నాకు కొత్త కాదు నాయనా. పదిహేనేళ్ళ కిందట ఒకడొచ్చి రోగుల పేర్లు కావాలన్నాడు. ఆ రోజే పేర్లన్నీ తీసేసి నంబర్లు పెట్టా. ఆ బుడ్డి మిషను మైనస్ ఎనభై డిగ్రీల చలిలో పనిచెయ్యదు. తీసి జేబులో పెట్టుకో. పెట్టుకుని ఇటొచ్చి కూర్చో. పోయిన బుధవారం రక్తం ఇవ్వకుండా ఎగ్గొట్టావు."

అతను కూర్చున్నాడు. ఆమె అతని చేతికి పట్టీ కట్టి నరం వెతుకుతోంది. తుపాకీ ఉన్నవాళ్ళు చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా అతను ఇంత తేలిగ్గా లొంగి కూర్చోలేదు.

ఆమె కథ బుధవారాల్లో ముక్కలు ముక్కలుగా విన్నాడు. పారిస్‌లో చదువుతుండగా, పేరు కూడా లేని జబ్బుతో కుర్రాళ్ళు వార్డుల్లోకి రావడం మొదలైంది. ఆమె వాళ్ళ రక్తంలో వైరస్‌ని పెంచడం నేర్చుకుంది. ఇంటికి తిరిగొచ్చేసరికి ఇక్కడా మొదలైంది. మొదటి పదేళ్ళూ ఆమె చేసిన పరిశోధనల్లో ప్రతి ట్యూబూ ఒక చావుతో ముగిసేది. ఏజెడ్‌టీ అనే ఒక్క మందే ఉన్న రోజుల్లో, అది కొన్ని నెలలు పనిచేసి ఎందుకు ఆగిపోతోందో పట్టుకోవడమే ఆమె పని. వైరస్ తనని తాను కాపీ చేసుకునేటప్పుడు తప్పులు చేస్తుంది. ఆ తప్పుల్లో ఒకటి దాన్ని మందు నుంచి కాపాడుతుంది. ఏ తప్పు, ఎక్కడ? దాని కోసమే ఆమె పెళ్ళీ, సెలవులూ, కళ్ళూ అన్నీ ఖర్చు పెట్టింది. తర్వాత మూడు మందులు కలిపి ఇవ్వడం వచ్చింది. మంచం మీంచి లేవలేనివాళ్ళు లేచి, నడిచి వచ్చి ఆమెతో పోట్లాడారు. ఇప్పుడు ఆ మూడూ ఒకే మాత్రలో పెట్టి, ఇండియా నుంచి చవగ్గా వస్తున్నాయి.

"సీ నజీబ్, నిజం చెప్పు. మాత్రలు రోజూ వేసుకుంటున్నావా?"

"పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక్కటీ తప్పలేదు."

"అందరూ అదే మాట. ఆ మాట నిజమేనని నాకూ అనిపిస్తోంది. అదే నా బాధ." ఆమె ట్యూబుకి మూత పెట్టింది. "ఎండాకాలం నుంచి నా రోగుల్లో వైరస్ మళ్ళీ లేస్తోంది. నీలోనూ లేస్తోంది. ఇద్దరు పోయారు. మాత్రలు ఎగ్గొడితే వైరస్ తన ఇష్టమొచ్చినట్టు మారుతుంది, ఒక్కొక్కళ్ళలో ఒక్కో రకంగా. వీళ్ళందరిలో ఒకే మార్పు. అది కాపీ చేసుకోడానికి వాడే ఎంజైములో, నూట ఎనభై నాలుగో స్థానంలో. ఇంకెక్కడా లేదు."

"అంటే?"

"మాత్రలో మూడు మందులుంటాయి. స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్. మూడూ మూడు పక్కల నుంచి కొడతాయి. తప్పించుకోవాలంటే అది మూడు పక్కలా మారాలి. ఆ నూట ఎనభై నాలుగు ఉంది చూశావూ, అది లామివుడిన్ నుంచి తప్పించుకోవడానికి మాత్రమే. మిగతా రెండిటి కోసం అది మారనే లేదు. మారాల్సిన అవసరమే రాలేదన్నట్టు."

లుత్ఫీ ఓవరాల్ చెయ్యి కిందికి లాక్కున్నాడు. తర్వాత, ఎందుకో తెలియకుండానే చెప్పాడు.

"నా కాళ్ళు బాగయ్యాయి."

"ఏం కాళ్ళు?"

"పాదాలు మొద్దుబారిపోయేవి కదా. మీకు చెప్పా. చెప్పులు ఊడిపోయినా తెలిసేది కాదు. వేసవి చివర్నించి మళ్ళీ తెలుస్తోంది. ఇసక వేడి తెలిసింది. నయమవుతోంది అనుకున్నా."

ఆమె సాండ్‌విచ్ కాగితాన్ని ఉండ చుట్టింది. విప్పింది. మళ్ళీ చుట్టింది.

"నీ పాదాల్ని మొద్దుబారేలా చేసింది స్టావుడిన్," అంది చివరికి. "ఆ మందు లోపలికి పోతున్నంత కాలం అవి బాగవ్వవు. బాగయ్యాయంటే నువ్వది మింగట్లేదు."

లుత్ఫీ బూటు లోపల కాలివేళ్ళు కదిపి చూసుకున్నాడు.

"నాకూ అనుమానం వచ్చింది," అంది ఆమె. "గిడ్డంగి నుంచి సీలు తియ్యని డబ్బా ఒకటి తెచ్చిపెట్టమని కమాల్‌ని అడిగా. పోయిన గురువారం తెస్తానన్నాడు. కార్డు కూడా ఇచ్చా. ఇంతవరకు రాలేదు."

"రాడమ్మా," అన్నాడు లుత్ఫీ.

ఆమె అతని మొహంలోకి చూసింది. కాగితపు ఉండని చెత్తబుట్టలో పడేసింది. లుత్ఫీ ఓవరాల్ లోపలి జేబులోంచి పిప్పరమెంట్ల డబ్బా తీసి బల్లమీద పెట్టాడు. అందులో అతని ఈ వారపు మాత్రలున్నాయి.

"ఇవి గిడ్డంగివే. తేల్చడానికి ఎంత టైము పడుతుంది?"

"రెండు రోజులు. వైరస్‌నే అడుగుతా."

*

రెండు రోజుల తర్వాత ఆమె అతన్ని మైక్రోస్కోపు పక్కన నిలబెట్టి ఒక ప్లాస్టిక్ పలక చూపించింది. దాన్నిండా వేలి గోరంత గుంటలు. వాటిలో పెంచిన కణాల్లో వైరస్ పెరిగితే రంగు నీలంగా మారుతుంది. నూట ఎనభై నాలుగు దగ్గర మారిన వైరస్‌ని ఆమె అన్ని గుంటల్లోనూ పోసింది. మొదటి వరసకి నిరుడు వచ్చిన మాత్ర కరిగించి కలిపింది. రెండో వరసకి లుత్ఫీ ఇచ్చిన మాత్ర.

మొదటి వరస నీళ్ళలా తేటగా ఉంది. రెండోది వేసవి మధ్యాహ్నపు సముద్రంలా ఉంది.

"లామివుడిన్ మాత్రం వేశారు," అంది డాక్టర్ బేయా. "ఉత్త సున్నం పెట్టుంటే నెలలోనే అందరూ పడిపోయేవాళ్ళు, నేను పసిగట్టేదాన్ని. ఒక్క మందు వేస్తే కొన్నాళ్ళు బండి నడుస్తుంది. తెలివైనవాడు చేశాడు. నా పేపర్లు చదివినవాడు."

"అసలు మాత్రలు ఏమైనట్టు?"

"అది నీ పని. నాది ఇంతవరకే." ఆమె కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. "ఇంకోటి విను. కొత్త సరుకు పోయిన వారమే దిగింది. మన ఒక్కళ్ళకే కాదు, మాలి దేశానికీ నైజర్‌కీ ఇక్కణ్ణించే పంపాలి. కొన్ని వేల మంది. అదీ ఇలాగే నకిలీగా మారిపోతే అందరిలోనూ ఒక మందు చచ్చిపోతుంది. ఆ తర్వాత అసలైన మాత్ర తెచ్చి పోసినా సగం పనే చేస్తుంది. నా ఇరవయ్యేళ్ళ పనీ తిరగేసి మొదటికి తెచ్చినట్టే."

ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఆమె ఏడవలేదు. పలకని మళ్ళీ వెచ్చటి పెట్టెలో పెట్టి, పగిలిన వేళ్ళకి ఏదో నూనె రాసుకుంది. తనలాంటి మనిషే ఈవిడ కూడా అని అతనికి మొదటిసారి తోచింది. అనిపించడాలన్నీ ఎప్పుడో అయిపోయి, చెయ్యడం మాత్రం మిగిలింది.

*

లుత్ఫీ నేరుగా అజ్మీ దగ్గరికి వెళ్ళాడు. నకిలీ మాత్రల సంగతి చెప్పాడు. తనకెలా తెలిసిందో చెప్పలేదు.

అజ్మీ గింజలు కొరకడం ఆపలేదు.

"కాళ్ళెలా ఉన్నాయి?" అన్నాడు.

లుత్ఫీ కదలకుండా నిలబడ్డాడు.

"నువ్వు బుధవారాలు ఎక్కడికెళ్తావో నాకు మూడేళ్ళుగా తెలుసు. నా మనిషి వెనక మరో మనిషిని పెట్టకపోతే నేనీ కుర్చీలో ఉంటానా?" అజ్మీ గొంతులో కోపం లేదు. పిల్లలకి లెక్క చెబుతున్నట్టు చెప్పాడు. "ఈ పనికి నిన్నెందుకు ఎంచుకున్నాననుకున్నావు? మిగతావాళ్ళకి భయం పెట్టాలి, ఆశ పెట్టాలి. నీకు రెండూ రెడీగా ఉన్నాయి. శనివారం ఓడలో అసలు సరుకు ఇటలీకి వెళ్ళిపోతుంది. సోమవారం నువ్వు ఈ రిపోర్టు ప్రాసిక్యూటర్‌కి ఇస్తావు. ముసల్ది జైలుకి పోతుంది. ఇక ఆవిడ ఏ వైరస్ గురించి ఏం చెప్పినా ఎవడూ వినడు. నీకు మాత్రం నెలనెలా అసలు మాత్రలు జెనోవా నుంచి ఇంటికొస్తాయి. జీవితాంతం. ఏమంటావు?"

"ఇన్ని నెలలుగా నాకేం ఇస్తున్నారో మీకు తెలుసు."

"తెలుసు. నీ ఒక్కడికీ అసలువి ఇప్పిస్తే అనుమానం రాదూ?"

లుత్ఫీ కోపం కోసం లోపల వెతికాడు. చీకటి గదిలో స్విచ్చి తడుముతున్నట్టు. దొరకలేదు.

"యోలా?"

"ఆదివారం. అదీ నీ పనే. ఇదిగో రిపోర్టు, చివరి పేజీ చదువు."

చదివాడు. మందులకి లొంగని ప్రాణాంతక వైరస్‌ని లా గులెత్ రేవు మీదుగా దేశం దాటిస్తున్నారని మొదటి పేజీలో ఉంది. కొనుగోలుదారు యోలా కరమ్, అరెస్టుని ప్రతిఘటించి కాల్పుల్లో మరణించిందని చివరి పేజీలో ఉంది. తేదీ రాబోయే ఆదివారం.

"పెన్నివ్వండి సర్," అన్నాడు లుత్ఫీ. మొదటి పేజీ కింద సంతకం పెట్టాడు. అజ్మీ దాని మీద శాఖ ముద్ర గుద్ది, ఫైలు అతనికే ఇచ్చేశాడు.

"నీ దగ్గరే ఉంచు. నా బల్ల మీద ఇలాంటివి ఉండకూడదు."

*

గమ్మార్త్ హోటల్ డాబా మీద, మధ్యాహ్నపు గాలికి గొడుగులు కొట్టుకుంటున్నాయి. ఆకుపచ్చ గౌను, తల చుట్టూ తెల్ల పట్టు రుమాలు, మొహంలో సగం కప్పేసే కళ్ళజోడు. ఆమెని చూడకుండా ఉండటానికి పక్క బల్లల మగవాళ్ళు పడుతున్న కష్టాన్ని బట్టే యోలా కరమ్ ఎవరో తెలిసిపోతోంది. లుత్ఫీ మల్లెమొగ్గల గుత్తి ఒకటి ఆమె ముందు పెట్టాడు.

"ఇవి హమ్మామెత్ పూలేనా?" ఆమె సంకేతపు మాట చెప్పింది.

"కాదు, నిన్నటివి."

"కూర్చో బంగారం." బేరూత్ యాస, సాగదీస్తూ. "విను. ఆ డాక్టరమ్మ వైరస్సులు అమ్ముతోంది. ఆవిడ చేత్తో ఇచ్చిన ట్యూబులు నేనే అందుకున్నా. రేవు మీదుగా…"

"మూడో పేరాలో 'స్వహస్తాలతో' అని ఉంది. నువ్వు 'చేత్తో' అన్నావు."

ఆమె సిగరెట్టు నోటి దాకా వెళ్ళి ఆగింది. లుత్ఫీ ఫైల్లోంచి చివరి పేజీ చింపి, మల్లెల కింద పెట్టాడు. ఆమె కళ్ళజోడు పైకెత్తి చదివింది. ఒకసారి. ఇంకోసారి తేదీ మాత్రం. కళ్ళజోడు లేకపోతే ఆమె పెద్దదానిలా కనిపించింది, అలిసిపోయినట్టు.

"కాల్చేది ఎవరు?" అంది మామూలుగా.

"నేను."

"ఇక్కడేనా?"

"ఇవాళ శుక్రవారమే కదా."

ఆమె నవ్వింది. శబ్దం రాలేదు. "అటు ముఠాకీ ఇటు మీ శాఖకీ పదకొండేళ్ళు చేశా. రెండూ నడిపేది ఒకడేనని నాలుగు నెలల కిందటే తెలిసింది. నోరు మూసుకుంటే బతకనిస్తాడనుకున్నా." సిగరెట్టు ఆర్పేసింది. "నీకేం కావాలి?"

"లారీ."

"నాబుల్ కుండల లోడు. పైరెండు వరసలే కుండలు, కింద మొత్తం మందులే. జెనోవా ఫెర్రీ, రేపు సాయంత్రం. ఎక్కే లారీల్లో అదే ఆఖరిది, కావాలనే. తనిఖీకి టైము మిగలకుండా." చెంచాతో కాఫీలో నంబరు రాసినట్టు తిప్పుతూ, నెమ్మదిగా లారీ నంబరు చెప్పింది. "అదే ఓడకి నాకూ టికెట్టుంది. నన్ను ఆపుతావా?"

"నాకు లారీయే కావాలి."

ఆమె పేజీని నాలుగు మడతలు పెట్టి గౌను మెడలో దోపుకుంది. పూలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

*

లా గులెత్ రేవులో శనివారం ఎప్పుడూ తిరునాళ్ళే. పై కప్పుల మీద మంచాలూ సైకిళ్ళూ కట్టుకున్న కార్లు, ఏడుస్తున్న పిల్లలు, వీడ్కోలు చెబుతూ వేయించిన చేపలు తింటున్న చుట్టాలు. ఓడ అప్పటికే సైరన్ మోగించింది. కుండల లారీ ర్యాంపు ఎక్కుతోంది.

ఓడని ఆపే అధికారం లుత్ఫీకి లేదు. కస్టమ్స్‌లో అందరూ అజ్మీ మనుషులే. అందుకని అతను కస్టమ్స్ వైపే వెళ్ళలేదు. రేవు ఆరోగ్యాధికారి గదికి వెళ్ళాడు. ఏళ్ళ తరబడి దోమల మందు కొట్టించడం తప్ప వేరే పని పడని మనిషి, సీ బషీర్. జలుబుతో ముక్కు చీదుకుంటున్నాడు. లుత్ఫీ రిపోర్టు ఆయన ముందు పెట్టాడు. ఖాళీగా ఉన్నచోట లారీ నంబరు తన చేత్తోనే రాశాడు.

సీ బషీర్ చదివాడు. రుమాలు చేతిలోంచి జారింది.

"ప్రాణాంతక… మందులకి లొంగని… ఇది నిజమా?"

"కింద శాఖ ముద్ర ఉంది. సంతకం నాది. ఇలాంటప్పుడు చట్టం ఏం చెబుతుంది?"

"లారీ సీలు చెయ్యాలి. ఓడ కదలకూడదు." ముసలాయన అప్పటికే టెలిఫోను అందుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్కసారైనా ఈ చట్టం వాడతానా అనుకున్నానయ్యా."

ఇటాలియన్ కెప్టెన్‌కి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. 'వైరస్' అన్న ఒక్క మాట చాలింది. ర్యాంపు మీద సగం దూరం ఎక్కిన లారీ దగ్గర నావికులు గొలుసు అడ్డం పెట్టి, తాము మాత్రం ఓడ లోపలికి పారిపోయారు. డ్రైవరు లారీ వదిలేసి దూకాడు. చేపలు తింటున్న చుట్టాలు కూడా వెనక్కి జరిగారు.

అప్పుడొచ్చింది అజ్మీ నల్ల కారు. దిగుతూనే అరిచాడు.

"ఆ గొలుసు తియ్యండి. లారీలో ఏ వైరస్సూ లేదు. నాది పూచీ."

సీ బషీర్ రిపోర్టు పైకెత్తాడు. "మీ శాఖ రిపోర్టే కదండీ. ఉందని మీరే అంటిరి."

"అది… అది వేరే లారీ."

"అయితే తప్పు రిపోర్టని రాసివ్వండి. ఇప్పుడే వదిలేస్తా."

అజ్మీ పెన్ను తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తప్పని రాస్తే బేయా మీద కేసు ఉండదు. రాయకపోతే లారీ కదలదు. ఆయన కళ్ళు జనంలో తిరిగి లుత్ఫీ మీద ఆగాయి. కారు డ్రైవరు అప్పటికే లుత్ఫీ వెనక చేరి, చెయ్యి మెలిపెట్టి, పిస్తోలు నడుముకి ఆనించాడు.

"నీ మాత్రలు ఆ లారీలోనే ఉన్నాయి, పిచ్చి వెధవా," అన్నాడు అజ్మీ దగ్గరికొచ్చి, పళ్ళ మధ్య నుంచి.

"తెలుసు సర్. అందుకే వచ్చా."

"కారులోకి తొయ్యి వీణ్ణి," అని డ్రైవరుతో అని, అలవాటు కొద్దీ ఇంకో మాట కలిపాడు. "గాయం గీయం చెయ్యకు. రక్తం నీకంటితే చస్తావు. వాడికి ఆ రోగం ఉంది."

మెలిపెట్టిన చెయ్యి టక్కున వదులైంది. డ్రైవరు రెండడుగులు వెనక్కి వేసి, అరచేతిని ప్యాంటుకి రుద్దుకుంటున్నాడు. పిస్తోలు ఎటు చూస్తోందో కూడా చూసుకోలేదు. మూడేళ్ళుగా లుత్ఫీ భయపడింది సరిగ్గా ఆ మొహానికే. ఇప్పుడు దాన్ని చూస్తే అతనికి ఏ బాధా కలగలేదు. చెయ్యి చాచి ఆ పిస్తోలు పట్టుకున్నాడు. డ్రైవరు ఇచ్చేశాడు.

అంతలో జనం రెండుగా చీలారు. నెత్తి నుంచి కాళ్ళ దాకా తెల్ల సూటు వేసుకున్న పొట్టి ఆకారం ఒకటి ర్యాంపు ఎక్కుతోంది. సీ బషీర్ ఫోను చేసింది ఆమెకే. ఈ దేశంలో ఆ వైరస్ ఉన్న పెట్టె తెరిచే అనుమతి ఆమె ఒక్కదానికే ఉంది. డాక్టర్ బేయా కుండల్ని ఒక్కొక్కటీ తీసి ర్యాంపు మీద జాగ్రత్తగా పెట్టింది, కొనడానికి వచ్చినదానిలా. మూడో వరస దగ్గర ఆగింది. ఒక అట్టపెట్టె చింపింది. డబ్బా తీసి, మూత విప్పి, మాత్రని వెలుతురుకి పట్టి చూసింది. ముసుగు తీసేసింది.

"మందులు," అంది అందరికీ వినపడేలా. "ప్రభుత్వ గిడ్డంగి ముద్ర ఉంది. మా రోగులవి. కుండలు మాత్రం ఎవరివో నాకు తెలియదు."

పై డెక్ మీద తెల్ల పట్టు రుమాలు ఒకటి రెయిలింగు పక్కన కనిపించి లోపలికి వెళ్ళిపోయింది. లారీని కిందికి దించాక ఓడ కదిలింది.

*

కస్టమ్స్ వారు అక్రమ మందులు పట్టుకున్నారని పేపర్లలో వచ్చింది. సీ అజ్మీ ఆరోగ్య కారణాల మీద సెలవు పెట్టారని రెండో పేజీలో వచ్చింది. ఆయన్ని ఏ గదిలో పెట్టి ప్రశ్నిస్తున్నారో లుత్ఫీ అడగలేదు. తన రోగం గురించి అజ్మీ నోరు విప్పడని మాత్రం తెలుసు. విప్పితే, తన ఏజెంట్ మింగేది నకిలీ మాత్రలని ముందే తెలుసని ఒప్పుకోవాలి. డ్రైవరుకి కూడా పిస్తోలు కథ చెప్పే సరదా లేదు.

బుధవారం డాక్టర్ బేయా అతని కొత్త రక్తం ఫలితం చెప్పింది.

"నీలోనూ నూట ఎనభై నాలుగే. ఆ మందు ఇక నీకు మునుపటంత పని చెయ్యదు. కానీ అలా మారిన వైరస్ కూడా కాస్త కుంటిదవుతుంది. మిగతా రెండూ మార్చి ఇస్తా. చూద్దాం." స్టాండులోంచి ఒక ట్యూబు తీసి పక్కన పెట్టింది. "నిన్న ఇంకొకతను పోయాడు. డెబ్భై నాలుగో నంబరు. అసలు మాత్రలు వచ్చాక పోయాడు. ఆలస్యమైపోయింది."

"నా పేరు లుత్ఫీ," అన్నాడు అతను.

"ట్యూబుల మీద నంబర్లు అంటించేశాను నాయనా. మళ్ళీ మార్చలేను." ఆమె అతని చేతి మీద దూది నొక్కి పట్టింది. అవసరానికి మించి కాసేపు అలాగే పట్టింది. "సరేలే. లుత్ఫీ."

ఆ వారాంతంలో కొత్త అధిపతి అతన్ని పిలిచాడు. సన్నటి మనిషి. గింజలు తినడు. విభాగం ఉపాధిపతి పదవికి లుత్ఫీ పేరు పైకి పంపించామని, శాఖ వైద్యుడి దగ్గర మామూలు రక్తపరీక్ష చేయించుకు వస్తే ఉత్తర్వు చేతికిస్తామని చెప్పాడు.

"నాకు వద్దు సర్," అన్నాడు లుత్ఫీ. "ఇలాగే ఉంటాను."

కొత్త అధిపతి అతన్ని ఎగాదిగా చూసి, మెచ్చుకోలుగా తలూపాడు.

"మంచిదయ్యా. నీలాంటి ఆశ లేనివాళ్ళే మనలో అందరికంటే ఆరోగ్యంగా ఉంటారు."